ఎడమ సీటు కింద తడి

సోమవారం పొద్దున్న పదిన్నరకి రసజ్ఞ గారి జర్మన్ కారు టోయింగ్ బండి మీద ఊరేగుతూ సాల్మన్ షెడ్డుకి వచ్చింది. ఊరేగుతూ అనే అనాలి మరి. ఎవరూ నొక్కకుండానే హారన్ మోగుతోంది. చినుకు లేకపోయినా వైపర్లు అటూ ఇటూ ఊగిపోతున్నాయి. నాలుగద్దాలూ దిగిపోయి ఉన్నాయి. కొండాపూర్‌లో బొటానికల్ గార్డెన్ వెనక సందులో చాయ్ తాగుతున్న నలుగురూ గ్లాసులు పట్టుకుని బయటికొచ్చి మరీ చూశారు.

టోయింగ్ బండి వెనకే ఆటోలో రసజ్ఞ దిగింది. గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. మెళ్లో ఐడీ కార్డు, చెవిలో ఇయర్‌ఫోను, ఎవరితోనో మీటింగు నడుస్తూనే ఉంది. "రెండు నిమిషాల్లో మళ్లీ జాయినవుతాను" అని చెప్పి, ఇయర్‌ఫోను తీసి, కారు వంక చూసింది. సెకండ్ హ్యాండ్‌లో కొని రెండేళ్లయినా ఆవిడకి ఆ కారంటే ఇంకా కొత్తగానే ఉంటుంది. కళ్లలో నీళ్లొక్కటే తక్కువ.

"ఏమైంది సాల్మన్ దీనికి? నిన్న సాయంత్రం బానే తోలుకొచ్చాను. పొద్దున్న పార్కింగ్‌లో చూస్తే ఇదీ వరస. మా ఫ్లోర్ వాళ్లందరూ నిద్ర లేచారు."

"కంగారు పడకండి మేడం. చూద్దాం" అన్నాడు సాల్మన్.

ముందు బ్యాటరీ వైరు పీకేశాడు. హారన్ ఆగింది. సందంతా ఒక్కసారి తెరిపినపడింది. తర్వాత ఎడమ తలుపు తీసి, సీటు ముందున్న మ్యాటు ఎత్తి, కార్పెట్ అంచు కింద నుంచి అరచెయ్యి లోపలికి పోనిచ్చాడు. అతను రోగం పట్టేది అలాగే. స్కానరు పెట్టేది తర్వాత, ముందు చెయ్యి. చెయ్యి బయటికి తీస్తే మణికట్టు దాకా తడి. కింద స్పాంజి పిండితే అర చెంబు నీళ్లొస్తాయి.

"నీళ్లు దిగాయి మేడం. దీని కంట్రోల్ బాక్సు ఈ కార్పెట్ కిందే ఉంటుంది. అది తడిసింది. అద్దాలు, హారన్, వైపర్లు అన్నీ దాని చేతిలోవే కదా, పిచ్చెక్కిపోయాయి."

"నీళ్లెలా వస్తాయి?"

ఇక్కడ సాల్మన్ సంగతి ఒకటి చెప్పాలి. షెడ్డు పెట్టకముందు పెద్ద సర్వీస్ సెంటర్‌లో పన్నెండేళ్లు చేసినప్పుడు అతను నేర్చుకున్న పాఠం ఒకటుంది. కస్టమరు ఎదురుగా నించున్న మొదటి ఐదు నిమిషాల్లో ఒక ముద్దాయిని చూపించాలి. బండిని అనకూడదు, కొన్నవాళ్ల మనసు చివుక్కుమంటుంది. కస్టమరుని అసలే అనకూడదు. మనల్ని మనం ఎలాగూ అనుకోం. కాబట్టి మూడో మనిషి కావాలి. పాత ఓనరు, పెట్రోలు బంకు వాడు, ఎలుక, ఎవరో ఒకరు. ముద్దాయి దొరికితే కస్టమరు నెమ్మదిస్తాడు, తాళం చేతిలో పెడతాడు. "విప్పి చూసి చెప్తానండి" అంటే మాత్రం వీడికి పని రాదేమో అని పక్క షెడ్డుకి పోతాడు. ఇన్నేళ్లుగా ఆ లెక్కనే మాట్లాడుతున్నాడు, ఎవరికీ ఏమీ కాలేదు. ఎలుకకి పోయేదేముంది?

"కారు ఎవరు కడుగుతారు మేడం?"

"సక్కుబాయి అని ఒకావిడ. రోజూ పొద్దున్నే. మా అపార్ట్‌మెంట్‌లో చాలా కార్లు ఆవిడే కడుగుతుంది."

"అదీ మరి. వీళ్లు పైపు పెట్టి కొట్టేస్తారండి. అద్దం కింద వైపర్ల దగ్గర సందుంటుంది చూడండి, అక్కడ కొడితే నీళ్లు తిన్నగా లోపలికే. చెప్తే వినరు."

ఎంత తేలిగ్గా అన్నాడంటే, అంటూ అంటూ చెయ్యి పాత గుడ్డకి తుడుచుకుంటున్నాడు కూడా. కార్పెట్ ఇంకా లేపలేదు. వైపర్ల మీద చెయ్యే వెయ్యలేదు.

రసజ్ఞ మొహం తేలికపడింది, వెంటనే ఎర్రబడింది. "ఛ. నెల నెలా ఇస్తున్నానే" అంటూ కార్పెట్‌ని ఫోటో తీసి, గబగబా టైపు చెయ్యడం మొదలెట్టింది.

"ఏం రాస్తున్నారు మేడం?"

"మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పెడుతున్నాను. ఇంకొకరి కారు ఇలా అవకూడదు కదా."

'ఉండండి మేడం, ఇంకా విప్పలేదు' అనడానికి సాల్మన్‌కి ఆ క్షణాన టైముంది. ఆవిడ బొటనవేళ్లు కదులుతున్నంతసేపూ ఉంది. అతను స్పానరు కోసం వెతుక్కుంటూ ఊరుకున్నాడు.

మంగళవారం పొద్దుటి నుంచీ ఒకటే వాన. రేకుల మీద చప్పుడుకి పక్కవాడి మాట వినబడదు. సాల్మన్ ఎడమ సీటు నాలుగు బోల్టులూ విప్పి బయట పెట్టాడు. కార్పెట్ మడిచి పైకి లేపి కట్టాడు. కింద కంట్రోల్ బాక్సు. మూత తీస్తే లోపల పిన్నులన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. ఒక రోజు నీళ్లకి పట్టే చిలుము కాదది. నెలల తరబడి కొద్దికొద్దిగా చెమ్మ తగులుతూ ఉంటేనే అలా పడుతుంది. అక్కడే అతనికి మొదటి అనుమానం తగిలింది.

పైపు దెబ్బ అయితే వైపర్ల కింద మట్టి చెల్లాచెదురుగా ఉండాలి. వైపర్లు ఊడదీసి, నల్ల ప్లాస్టిక్ కప్పు ఎత్తి చూశాడు. ఆశ్చర్యం, ఒక్క ఆకు లేదు. నీళ్లు పోయే కంతలు రెండూ శుభ్రంగా ఉన్నాయి. ఈ సందులో ఎండాకులూ పూతా కుళ్లి నల్ల ముద్దయి కూర్చోని కారుని అతనింతవరకూ చూడలేదు.

ఇంక మిగిలింది ఏసీ ఫిల్టరు డబ్బా. దాని మూత మీద చెయ్యి వేశాడో లేదో కొంచెం కదిలింది. కదలకూడదు. తీశాడు. మూత చుట్టూ ఉండాల్సిన మెత్తటి రబ్బరు పట్టీ ఒక పక్కంతా గాడిలోంచి జారి లోపలికి మడతపడి ఉంది. ఆ పక్క క్లిప్పు పడనే లేదు. మడత దగ్గర్నుంచి లోపలికి నీటి చారలు, తెల్లగా, ఒకదాని కింద ఒకటి. వాన పడినప్పుడల్లా అద్దం మీంచి జారిన నీళ్లు ఇక్కడ దిగి, ఫిల్టరు తడిపి, తిన్నగా ఎడమ సీటు కిందకి పోయాయి.

ఫిల్టరు మీద నల్ల మార్కరుతో తారీఖు రాసి ఉంది. ఫిబ్రవరి పద్నాలుగు. పక్కన 'సా' అని ఒక్క అక్షరం. అతని రాతే.

సాల్మన్ ఆ ఫిల్టరు చేత్తో పట్టుకుని, ఊడదీసిన సీటు మీదే కూలబడ్డాడు. ఆ రోజు గుర్తొచ్చింది. రసజ్ఞ గారి సర్వీసు. అటు ఇంకో బండి ఇంజను దింపి ఉంది, ఆ బండాయన పక్కనే నించుని గడియారం చూస్తున్నాడు. మూత పెట్టి అరచేత్తో ఒక్క దెబ్బ వేశాడు. క్లిప్పు పడిన చప్పుడు వచ్చిందా లేదా అని వినలేదు. అంతే. ఒక్క దెబ్బ. 

"సాల్మన్ సారంటే నువ్వేనా?"

రేకుల అంచున, నెత్తి మీద ప్లాస్టిక్ కవరు కప్పుకుని ఒకావిడ నించుని ఉంది. నలభై ఐదేళ్లుంటాయి. చీర కుచ్చెళ్లు మోకాళ్ల దాకా తడిసి కాళ్లకి అంటుకుపోయాయి.

"నేనే అమ్మా. ఏం కావాలి?"

"నేను సక్కుబాయిని. గా రసజ్ఞ మేడం కారు తుడిచేదాన్ని."

సాల్మన్ లేచి నించున్నాడు. చేతిలో ఫిల్టరు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"నేను పైపు పెట్టి కొట్టిన అన్నవంట. పైపు ఏడుంది సారూ మా అపార్ట్‌మెంట్ల? బోరు ఎండినకాడికెళ్లి కార్లకు పైపు బందు పెట్టిండ్రు. గిది మూడో సాలు. అర బకెట్ నీళ్లు, రెండు గుడ్డలు, గంతే నా సామాను. కావాల్నంటే వాచ్‌మన్‌ను అడుగు."

"కూర్చోమ్మా. తడిసిపోయావు."

"కూసునుడు కాదు సారూ. ఈ పొద్దు ఐదున్నరకు పోతే గేటుకాడ రానియ్యలే. వాచ్‌మన్ ఫోన్ల గేటు యాప్‌ల నా పేరు ఎర్రగ చూపిస్తున్నదంట, లోపటికి ఇడువొద్దని. వాడేం చేస్తడు, వాని నౌకరీ వానిది. ఇరవై ఆరు కార్లు సారూ. ఒక్కనాడు నాగ పెట్టలే. జరమొచ్చినా పోయిన. గా గ్రూపుల నా ఫోటో గూడ పెట్టిండ్రంట, ఎవ్వరు పనికి పెట్టుకోకుండ్రి అని." నెత్తి మీది కవరు సర్దుకుంది. "ఐతారం మీటింగంట. పని ఏజెన్సీకి ఇస్తమంటున్నరంట. గా లోపల నువ్వు మేడంకు ఫోన్ చేసి ఒక్క మాట చెప్పు. పైపు కాదని చెప్పు. నీ మాటే వింటరు."

మూత అతని పక్కనే సీటు మీదుంది. మడతపడిన రబ్బరు కనిపిస్తూనే ఉంది. ఒక్క మాట. నోట్లోకి వచ్చింది కూడా. దాంతోపాటే ఇంకో నాలుగు మాటలూ వచ్చాయి. గ్రూపులో ఇప్పుడు తన ఫోటో పడుతుంది. 'జర్మన్ కార్ల సాల్మన్' అని మాదాపూర్ దాకా పాకిన పేరు, ఒక్క సాయంత్రంలో పోతుంది. కంట్రోల్ బాక్సు ఎవడి నెత్తిన పడుతుంది?

"ఇంకా విప్పుతున్నానమ్మా" అన్నాడు. "పూర్తిగా చూసి చెప్తాను."

జీవితంలో ఏ కస్టమరుకీ చెప్పని మాట. ఆవిడకి చెప్పాడు.

సక్కుబాయి తలూపింది. పోబోతూ ఊడదీసిన వైపర్ల వైపు చూసి, "ఆకులేమన్న ఉండెనా?" అని అడిగింది. "మేడం కారు చెట్టు కిందనే ఉంటది గద. దినాం సందులకెళ్లి తీస్తుంటి. మా ఆయన డ్రైవర్ ఉండె. ఆకులు జామైతే నీళ్లు లోపటికి పోతయని ఆయనే చెప్తుండె."

"లేవమ్మా" అన్నాడు సాల్మన్. "ఒక్కటీ లేదు."

బుధవారం పొద్దున్న సాల్మన్ భార్య ఎస్తేరు డ్యూటీకి తయారవుతోంది. గచ్చిబౌలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. జడకి క్లిప్పు పెట్టుకుంటూ, మొగుడి ముందున్న టీ కప్పులో మీగడ కట్టడం చూసింది.

"ఏమైంది? నిన్నటి నుంచీ అదోలా ఉన్నారు."

సాల్మన్ చెప్పాడు. చెప్పడంలో కూడా కొంచెం మెకానిక్ బుద్ధి చూపించాడు. రబ్బరు పట్టీ జారిపోయిందన్నాడు. క్లిప్పు పడలేదన్నాడు. కడిగేవాళ్ల తప్పు కాదేమో అన్నాడు.

"ఆ రబ్బరు వేసిందెవరు?" అంది ఎస్తేరు.

అతను టీ కప్పు తిప్పుతూ కూర్చున్నాడు.

"మీరేనా?"

"నేనే."

ఎస్తేరు క్లిప్పు పెట్టుకోవడం ఆపింది. "మా వార్డులో ఇంజక్షన్ తప్పు పడిందనుకోండి. ముందు పేషెంటు దగ్గరికి పరిగెడతాం, డాక్టరుకి ఫోన్ చేస్తాం. ఎవరు వేశారన్నది తర్వాత రాస్తాం. మీరు ముందు పేరు చెప్పేసి, తర్వాత బండి విప్పారు."

"అందరూ అలాగే చెప్తారే. ఆ మాటకి ఇంత అవుతుందని నాకేం తెలుసు?"

"సోమవారం తెలీదు. ఒప్పుకుంటాను. మరి నిన్న?"

అతనికి ఒళ్లు మండింది. "పేరు పోతే షెడ్డు ఎవడు నడుపుతాడు? నీ జీతంతో బతుకుదామా?" అని అరిచాడు.  ఎస్తేరు బ్యాగు భుజానికి తగిలించుకుని, గుమ్మం దగ్గర ఆగి, "టీ వేడి చేసుకోండి" అని వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

ఆ రెండు రోజులూ సాల్మన్ ఆ కారుని చేసినంత ఇదిగా ఏ కారునీ చెయ్యలేదు. కార్పెట్ మొత్తం బయటికి లాగి, కింది స్పాంజి ఉతికి, వాన తెరిపిచ్చినప్పుడల్లా కాంపౌండు గోడ మీద ఆరేశాడు. చినుకు పడగానే పరుగెత్తి లోపలికి తెచ్చాడు. రెండు టేబుల్ ఫ్యాన్లు పెట్టాడు. పనికొచ్చే కంట్రోల్ బాక్సు ఒకటి ఊరంతా తిరిగి సంపాదించి, దాని మెదడుకీ ఈ కారు మెదడుకీ పొత్తు కుదిరే దాకా లాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాడు. కొత్త రబ్బరు పట్టీ వేసి, క్లిప్పులు ఒక్కోటీ నొక్కుతూ చప్పుడు విన్నాడు. మగ్గుతో నీళ్లు తెచ్చి అద్దం మీద పది సార్లు పోసి, లోపల చెయ్యి పెట్టి చూశాడు. పొడిగా ఉంది. ఆ పొడి చెయ్యి చూసుకుని కూడా సంతోషం కలగలేదు.

ప్రతి గంటకీ ఫోను తీశాడు. రసజ్ఞ పేరు మీద వేలు పెట్టి తీసేశాడు. శుక్రవారం ఎలాగూ వస్తుంది కదా, మొహం మీదే చెప్దాం అనుకున్నాడు. వాయిదా వేసేవాడికి కారణాలకి కరువా?

శుక్రవారం సాయంత్రం రసజ్ఞ వచ్చేసరికి షెడ్డులో ఇంకో ఇద్దరు కస్టమర్లున్నారు. ఆవిడ తాళం తిప్పింది. అద్దాలు నాలుగూ బుద్ధిగా లేచాయి, దిగాయి. వైపర్లు చెప్పినప్పుడే ఊగాయి.

"అబ్బ! పెద్ద షోరూం వాళ్లని ఫోన్లో అడిగితే మొత్తం వైరింగే మార్చాలన్నారు తెలుసా? మీరు నాలుగు రోజుల్లో తేల్చేశారు" అంది ఆ ఇద్దరికీ వినపడేలా. వాళ్లు సాల్మన్ వంక గౌరవంగా చూశారు. ఆ చూపు అతని నోటికి అడ్డం పడింది.

"మేడం, ఒక మాట. ఆ పైపు సంగతి..."

"ఆఁ?"

"అది పైపు వల్ల కాకపోవచ్చండి. ఫిల్టరు మూతకి రబ్బరుంటుంది. అది... కొంచెం... పాతబడింది. పాత బండి కదా. అక్కణ్ణుంచి కూడా దిగి ఉండొచ్చు. ఆ కడిగే ఆవిణ్ణి పనిలోకి రానిమ్మనండి పాపం."

అబద్ధం చెప్పలేదు. నిజమూ చెప్పలేదు. రబ్బరుని ముద్దాయిని చేశాడు.

"అయ్యో, అవునా?" రసజ్ఞ మనసులో ఏదో కలుక్కుమన్నట్టే ఉంది. వెంటనే ఫోను తీసి, పైకి చదువుతూ టైపు చేసింది. "రబ్బరు పాతబడటం వల్ల కూడా అయి ఉండొచ్చని మెకానిక్ అంటున్నారు. దయచేసి అందరూ గమనించగలరు." పంపించేసి, "మా సెక్రటరీ సీతారామయ్య గారు చూసుకుంటారు" అని కారెక్కింది. సాల్మన్ బిల్లులో మజూరీ వేసుకోలేదు. ఎందుకని ఆవిడ అడిగితే "పాత కస్టమరు కదండీ" అన్నాడు. దానికి ఇంకో మెప్పు.

ఆదివారం పొద్దున్న ఎస్తేరు తెల్లచీర కట్టుకుని బైబిలు చేతిలోకి తీసుకుంది. సాల్మన్ చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాడు.

"మీరు చర్చికి రానక్కర్లేదు. ముందు అక్కడికెళ్లండి. మీటింగు పదింటికన్నారుగా."

"వెళ్దామనే అనుకుంటున్నా."

"అనుకోవడం కాదు" అంది.

అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ అతని పేరు, ఫోన్ నంబరు ఎక్కించుకుని రసజ్ఞకి కబురు పెట్టాడు. అనుమతి వచ్చే దాకా గేటు బయట ఎండలో నించోబెట్టాడు. పక్కనే వేపచెట్టు మొదట్లో సక్కుబాయి కూర్చుని ఉంది. సెల్లార్ గదిలో ఉండిపోయిన తన బకెట్టూ గుడ్డలూ తీసుకుపోవడానికి వచ్చిందట. అతన్ని చూసి గబుక్కున లేచింది.

"చెప్పనీకొచ్చినవా సారూ?"

"అవునమ్మా. ఉండు, పోకు" అన్నాడు.

క్లబ్‌హౌస్‌లో ముప్పై మంది దాకా ఉన్నారు. సమోసాలు, చాయ్. ముందు బల్ల దగ్గర సీతారామయ్య గారు, రిటైరైన పెద్దమనిషి, లిఫ్టు మరమ్మతు గురించి చదువుతున్నారు. సాల్మన్ వెనక గోడకి ఆనుకుని నించున్నాడు. లిఫ్టు అయ్యింది, చెత్త బండి అయ్యింది. రసజ్ఞ చెయ్యెత్తి "మా మెకానిక్ ఏదో చెప్పాలంటున్నారు" అంది.

అతను గోడ దగ్గర్నుంచి రెండడుగులు ముందుకొచ్చాడు. చెప్పాడు. ఈసారి మడతపెట్టలేదు.

"మేడం కారులోకి నీళ్లు పైపు వల్ల దిగలేదండి. ఫిబ్రవరిలో సర్వీసు చేసినప్పుడు ఫిల్టరు మూత నేను సరిగ్గా పెట్టలేదు. రబ్బరు మడతపడింది, క్లిప్పు పడలేదు. వాన నీళ్లు దిగాయి. తప్పు నాదండి. బండి విప్పకుండానే ఆ సక్కుబాయమ్మ పేరు చెప్పేశాను. నిజానికి ఆవిడ రోజూ ఆకులు తియ్యబట్టే ఇన్నాళ్లన్నా నడిచింది. ఆవిణ్ణి పనిలోకి రానివ్వండి."

 తిట్లకి సిద్ధపడి నేల వైపు చూస్తున్నాడు సాల్మన్.

ముందు వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు.

"ఈ రోజుల్లో ఇలా ఒప్పుకునే మనిషి ఎక్కడున్నాడండీ!" అన్నారు సీతారామయ్య గారు. నిజంగానే కదిలిపోయారాయన. "మా అబ్బాయి బండి మూడు షెడ్లు తిప్పాడు, ఒక్కడూ మా తప్పన్నవాడు లేడు." ఇంకో ఇద్దరు చప్పట్లు కలిపారు. "మీ నంబరు గ్రూపులో పెట్టండి బాబూ" అని ఎవరో అన్నారు. రెండు జర్మన్ కార్లవాళ్లు అప్పుడే ఫోన్లు తీశారు. సమోసా ప్లేటు అతని చేతిలోకి వచ్చేసింది.

"అయ్యా, మరి సక్కుబాయి..."

"ఆఁ, ఆ అమ్మాయి తప్పు లేదని మినిట్స్‌లో రాయిద్దాం. తప్పకుండా రాయిద్దాం. పని సంగతంటారా, నిన్ననే గ్రూపులో ఓటింగు పెట్టామండీ, అందరూ ఏజెన్సీకే వేశారు. ఒప్పందం మీద సంతకాలైపోయాయి. రేపటి నుంచి వాళ్ల మనుషులు వస్తారు. ఇప్పుడు వెనక్కి పోవడం కుదరదు." ఆయన కఠినంగా అనలేదు. జాలిగానే అన్నారు. తర్వాత నీళ్ల టాంకర్ల విషయానికి వెళ్లిపోయారు.

బయట మెట్ల మీద రసజ్ఞ వెనకే వచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"ఇది శుక్రవారం నాకెందుకు చెప్పలేదు సాల్మన్? ఓటింగు నిన్న సాయంత్రం. ఒక్క రోజు ముందు ఈ మాట నా దగ్గరుంటే నేను గొడవ పెట్టేదాన్ని. గ్రూపులో ఆమె ఫోటో పెట్టింది నేను." ఆవిడ చేతిలోని ఫోను వంక చూసుకుంది. "నేను కూడా అడగలేదనుకోండి. పైపు ఉందా అని ఒక్కసారి కిందకి తొంగి చూసినా తెలిసేది."

 సాల్మన్ సమోసా ప్లేటు మెట్ల పక్క గట్టు మీద పెట్టేసి గేటు వైపు నడిచాడు.  చప్పట్లు కొట్టారు. దొంగకి దండ వేసినట్టుంది అతనికి.

సక్కుబాయి చేతికి బకెట్టు వచ్చేసింది. లోపల గుడ్డలు రెండూ మడిచి ఉన్నాయి.

"చెప్పినవా?"

"చెప్పానమ్మా."

"అందరి ముంగట?"

"అందరి ముందూ. నీ తప్పు లేదని రాసుకుంటామన్నారు."

"పని?"

అతను తల అడ్డంగా ఊపాడు. "నిన్ననే ఏజెన్సీకి ఇచ్చేశారట."

సక్కుబాయి కాసేపు గేటు లోపలికి చూసింది. ఎండలో కార్లు వరసగా ఉన్నాయి. ఈ వారం ఎవరూ తుడవలేదు, దుమ్ము పట్టి ఉన్నాయి.

"మరి ఎవరిదంట తప్పు?" అంది.

"నాది. మూత నేనే సరిగ్గా పెట్టలేదు."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. కోపం రాలేదు వెంటనే. ఏదో లెక్క కలుపుకుంటున్నట్టు కనుబొమలు ముడిపడ్డాయి.

"గది నీకు ఎన్నడు ఎరుకైంది?"

ఆదివారమనొచ్చు. శుక్రవారమన్నా నమ్ముతుంది. షెడ్డులో ఆవిడకి కనిపించింది ఒక ప్లాస్టిక్ మూతేగా.

"మంగళవారం" అన్నాడు సాల్మన్.

"నేను వచ్చినంక?"

"నువ్వు వచ్చే ముందే."

సక్కుబాయి బకెట్టు కింద పెట్టింది. "నేను నీ ముంగట నిలవడి ఒక్క మాట చెప్పు సారూ అని బతిమాలుతుంటే, నీకు ఎరుకే?"

"తెలుసమ్మా."

"మంగళారం నాడు వాళ్లింకా ఎవ్వర్ని పెట్టుకోలే" అంది. గట్టిగా అనలేదు. తనలో తను అనుకున్నట్టు అంది. కొంగుతో మొహం తుడుచుకుంది. సాల్మన్ జేబులో చెయ్యి పెట్టబోయాడు. ఆవిడ చూసి, "వద్దు. గది తియ్యకు" అంది. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వాళ్లిద్దరి మధ్యలోంచి స్కూటరు ఒకటి హారన్ కొట్టుకుంటూ గేట్లోకి పోయింది.

"నడువు" అంది సక్కుబాయి, బకెట్టు చేతికి తగిలించుకుంటూ.

"ఎక్కడికి?"

"ఎదురుంగ గా అపార్ట్‌మెంట్‌కు. నా ఫోటో ఆడికి గూడ పోయింది. శుక్రారం పని అడగబోతే, నువ్వు కార్లు ఖరాబు చేసినదానివి గద అన్నరు. ఆ ఎనక గల్లీల ఇంకో రెండున్నయి, ఆడ గూడ అదే మాట. నువ్వొచ్చి చెప్పు. నా ఫోటో పోయిన కాడికల్ల వచ్చి చెప్పు."

సాల్మన్ ఆవిడ వెనకే రోడ్డు దాటాడు. ఎదురు అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కుర్చీలో వాచ్‌మన్ కూర్చుని ఉన్నాడు. సక్కుబాయిని గుర్తుపట్టి మొహం చిట్లించాడు.

"ఏం పని సార్?"

"కారులోకి నీళ్లు పోయాయని ఈవిడ మీద మీ గ్రూపులో పెట్టారు కదా. ఆ తప్పు ఈవిడది కాదు, నాది. నేను మెకానిక్‌ని. మీ సెక్రటరీతో మాట్లాడాలి."

వాచ్‌మన్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఇలాంటి పని మీద వచ్చినవాళ్లని ఏ పేరు కింద ఎక్కించుకోవాలో అతని ఫోనులో లేదు. "ఐతారం సార్ ఊర్ల ఉండడు. రేపు పొద్దుగాల రాండ్రి."

"ఎన్నింటికి?" అంది సక్కుబాయి.

"ఏడు లోపట. తర్వాత ఆఫీసుకు పోతడు."

"ఆరున్నరకే ఉంటం" అని సక్కుబాయి సాల్మన్ వైపు తిరిగింది. "ఉంటవా?"

"ఉంటాను."

"చూస్త" అంది సక్కుబాయి, వెనక గల్లీ వైపు నడుస్తూ.